రెక్కలకు ముందు తూకం

పోర్ట్ ట్రెవిన్‌లో నోలా ట్రెగిల్గస్‌ను ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ మనుషుల పేర్లు మరిచిపోతుంది, పుట్టినరోజులు మరిచిపోతుంది, ఓ ఏడాది సొంత చెల్లెలి పెళ్ళి తేదీ కూడా మరిచిపోయింది. కాని ఒకసారి చూసిన మనిషి బరువు మాత్రం మరిచిపోదు. వీధిలో ఎదురైతే "బాగున్నావా" అనదు. "నాలుగు కిలోలు తగ్గావేం, ఒంట్లో బాగాలేదా?" అంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నోలా ఇంటి మీదుగా వెళ్ళేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు.

ఈ విద్య దేవుడిచ్చింది కాదు, ఉద్యోగం ఇచ్చింది. పద్దెనిమిదో ఏట ధాన్యపు గిడ్డంగి దగ్గర ధర్మకాటా గదిలో కూర్చున్న నోలా, నలభై తొమ్మిదో ఏట లేచింది. మధ్యలో ముప్ఫై ఒక్క కోతలు వచ్చిపోయాయి. మా అఖాతం ఒడ్డున పండే బార్లీ అంతా ఆవిడ కిటికీ ముందునుంచే వెళ్ళింది. నిండు లారీని ఒకసారి తూచాలి, ఖాళీ లారీని మరోసారి తూచాలి, తేడా బార్లీ అనుకోవాలి. ఈ అనుకోవడంలోనే మానవ స్వభావం దాగి ఉంటుందని నోలా చాలా త్వరగా కనిపెట్టింది. నిండు లారీ తూకానికి రైతు లోపల కూర్చుంటాడు. ఖాళీ లారీ తూకానికి దిగి, సిగరెట్టు వెలిగించుకుంటూ పక్కన నిలబడతాడు. అక్కడికి ఎనభై కిలోల రైతు బార్లీ అయిపోయినట్టే.

అలాంటప్పుడు నోలా కిటికీ అద్దం పైకెత్తి, ఎంతో మర్యాదగా అడిగేది: "ఏమయ్యా, ఇందాక లోపల నువ్వూ, మీ ఆవిడా, మీ అత్తగారూ ఉన్నారు. ముగ్గుర్నీ ఏ రకం బార్లీ కింద రాయమంటావు? అత్తగారు మేలు రకమేనా?"

ఆ తర్వాత ఆ రైతు ఆ కోతకాలంలో కాటా మీద మళ్ళీ దిగేవాడు కాదు.

ఉద్యోగం మానేశాక నోలా తన కంచె పక్కనున్న మైదానాన్ని పట్టించుకుందంటే దానికి కారణం కోపం. ఆ మైదానంలో వాయుసేన కేడెట్లు గ్లైడర్లు నేర్చుకుంటారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు, నీలం చొక్కాలు, ఇంజను లేని విమానాలు. ఒకనాడు ఒక కేడెట్ మైదానం అందక నోలా పొలంలో దిగాడు. నోలా ఎన్ని కిలోల బార్లీ నలిగిందో చీటీ రాసుకుని దెబ్బలాటకి వెళ్ళింది. అక్కడ ఎండలో గొడుగు కింద ఒక పిల్ల బల్ల ముందు కూర్చుని, ఎవరు ఎప్పుడు ఎగిరారో, ఎప్పుడు దిగారో లాగ్‌బుక్కులో రాస్తోంది. నోలా వంగి చూసింది. ఒక వరసలో 'సుమారు పది నిమిషాలు' అని ఉంది.

"సుమారా?" అంది నోలా.

"చూడ్డం మర్చిపోయానండీ. అంతే ఉంటుంది" అంది పిల్ల.

నోలా ఆ పిల్ల చేతిలోని పెన్సిల్ తీసుకుంది. ఇది జరిగి పదకొండేళ్ళయింది. పెన్సిల్ ఇంకా వెనక్కి ఇవ్వలేదు. బార్లీ చీటీ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆవిడ ఎగిరింది మాత్రం ఒక్కసారే. వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళితే, దిగాక "చూశాను, బాగానే ఉంది" అని చెప్పి మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. లోకాన్ని పైనుంచి చూడటం కంటే దాన్ని సరిగ్గా రాసిపెట్టడం గొప్పని ఆవిడ నమ్మకం.

మా దగ్గర రెక్కల బ్యాడ్జి సంపాదించడం అంటే ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగిన ఉపద్రవం అర్థం కాదు. పిల్లలు ముందు సీట్లో, శిక్షకుడు వెనక సీట్లో. మైదానం ఆ చివర ఒక యంత్రం ఇనుప తాడును గిరగిర చుట్టేస్తుంది. ఈ చివర గ్లైడర్ గాలిపటంలా లేస్తుంది. ఇలా ముప్ఫయ్యో నలభయ్యో సార్లు లేచి, తిన్నగా నడపడం, మలుపు తిప్పడం, వేగం చచ్చిపోతే బతికించుకోవడం, తాడు మధ్యలో తెగితే కంగారు పడకుండా దిగడం, ఒక్కొక్కటీ నేర్చుకుని ఒక్కొక్కదానికీ సంతకం పెట్టించుకోవాలి. నోటి పరీక్ష ఒకటి ఉంటుంది. అన్ని సంతకాలూ అయ్యాక ఒకరోజు శిక్షకుడు, ముందుగా చెప్పకుండా, వెనక సీట్లోంచి దిగిపోతాడు. ముందే చెబితే పిల్లలు అన్నం తినరు.

దిగినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. ఇది మా మైదానం ఆచారం. బెల్టులు సరిచూసి, గాజు మూత వేసి, టీ తాగడానికి వెళుతున్నవాడిలా నడుచుకుంటూ వెళ్ళిపోవాలి. తిరిగి చూస్తే తన ముఖంలోని భయం పిల్లలకి కనిపిస్తుందని పాతకాలం వాళ్ళు పెట్టారు. లోపలివాళ్ళు ఒంటరిగా లేచి, ఒక చుట్టు తిరిగి, ఆరు నిమిషాల్లో దిగితే, స్నేహితులు ఒక బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరిస్తారు. సెలవుల్లో జరిగే పది రోజుల శిబిరం చివరి ఆదివారం మధ్యాహ్నం కవాతులో రెక్కల బ్యాడ్జి గుండె మీద పెడతారు. ఆ పైన ఒక పక్షి, రెండు పక్షులు, మూడు పక్షులు ఉన్న బిళ్ళలు మెట్లు మెట్లుగా ఉంటాయి గాని, మొదటి రెక్కలు లేనివాడికి ఆ పక్షులు వాలవు.

ఇక బరువు. మా పాత గ్లైడర్‌లో ముందు సీటు ఎదురుగా ఒక తెల్ల చీటీ అంటించి ఉంటుంది: ఒంటరిగా ఎగిరేవాళ్ళు అరవై కిలోలకి తగ్గకూడదు. వెనకాల శిక్షకుడుంటే ఆయన బరువు లోటు తీరుస్తుంది. ఆయన దిగిపోయాక ముందు సీటు తేలికైతే ముక్కు పైకి లేస్తుంది, తోక బరువెక్కుతుంది, తాడు లాగేటప్పుడు విమానం గుర్రంలా వెనక కాళ్ళ మీద నిలబడాలని చూస్తుంది. అందుకని తేలికపాటి పిల్లలకి సీటు ముందు సీసపు పలకలు బోల్టులు వేసి బిగించాలి. అది శిక్షకుడే చెయ్యాలి, పావుగంట పడుతుంది. మాటిమాటికీ ఎవరు బిగిస్తారు, ఎవరు విప్పుతారు? కాబట్టి బరువైనవాళ్ళు పొద్దున్న, తేలికవాళ్ళు అందరూ అయ్యాక, అని ఎప్పుడో ఎవరో వరస పెట్టారు. చాలా న్యాయంగా కనిపించే వరస. ఒక్కటే చిక్కు. మధ్యాహ్నం రెండు గంటలకి అఖాతం నుంచి సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. గాలి అడ్డం పడితే మొదటిసారి ఒంటరిగా ఎవర్నీ పంపరు.

బ్రైడీ కెర్నిక్ ఆ చివర్లోనే రెండు శిబిరాలు గడిపింది. పదహారేళ్ళ పిల్ల. సంతకాలన్నీ ఉన్నాయి. మలుపులు తిప్పడంలో ఆ పిల్ల చెయ్యి వెన్నలో కత్తిలా ఉంటుందని శిక్షకులే అనేవారు. రెండుసార్లూ తన వంతు వచ్చేసరికి గాలి వచ్చింది. ఇది మూడో శిబిరం. మూడింట్లోనూ ఒంటరిగా ఎగరనివాళ్ళకి నాలుగోది ఇవ్వరు, కొత్తవాళ్ళు వరసలో ఉంటారు. ఈసారి కూడా కాకపోతే బ్రైడీకి రెక్కలు లేనట్టే.

మొదటి రోజు పిల్లల్ని తూచేటప్పుడు నోలా అక్కడ ఉంటే ఈ కథ లేదు. ఆవిడ పన్ను పీకించుకోవడానికి అడిలైడ్ నగరానికి వెళ్ళింది. రాజ్యాలు కూలిన సందర్భాల్లో కూడా వెనకాల ఇలాంటి పంటి నొప్పులు ఉండే ఉంటాయి, చరిత్రకారులు పట్టించుకోరు గాని. గ్లైడర్లు పెట్టే హ్యాంగర్‌లో ఉన్ని బేళ్ళు తూచే పాత కాటా ఉంది. ముఖ్య శిక్షకుడు గ్రాంట్లీ మమ్ఫోర్డ్ పక్కన నిలబడి అంకెలు చదివాడు. ఈయన వారమంతా మందుల షాపు నడుపుతాడు, సెలవుల్లో పిల్లల్ని ఎగరేస్తాడు. బ్రైడీ కాటా ఎక్కింది. అరవై ఒకటి.

"భేష్! ఈ ఏడు బాగా తిన్నావు" అన్నాడు గ్రాంట్లీ.

"మా అమ్మమ్మ చేసే మాంసం కూరిన పేస్టీలు సార్" అంది బ్రైడీ.

నాలుగో రోజు నోలా వాచిన బుగ్గతో తిరిగొచ్చి బరువుల పట్టీ చూసింది. పట్టీలో అరవై ఒకటి. ఎదురుగా గడ్డిలో నడుస్తున్న పిల్ల యాభై మూడు. నోలా కళ్ళద్దాలు తుడుచుకుంది. అప్పుడూ యాభై మూడే. కాని మొన్న చలికాలమే ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషను అయింది. పైగా జీవితమంతా మనుషుల మాట కంటే కాటా మాట నమ్మిన మనిషి, ఇప్పుడు కాటా కంటే తన కన్ను గొప్పదని ఎలా అంటుంది? ఏమీ అనలేదు. అయిదు రోజులు ఏమీ అనలేదు. బ్రైడీ ఎదురుగా నడిచినప్పుడల్లా మాత్రం ఆవిడ పెన్సిల్ ఆగిపోయేది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై అయింది. వరసలో బరువైనవాళ్ళ మధ్యే ఉంది కాబట్టి బ్రైడీ వంతు గాలికి ముందే వచ్చింది. గ్రాంట్లీతో ఒకసారి లేచి దిగింది, చీమ కూడా ఉలిక్కిపడనంత మెత్తగా. గ్రాంట్లీ బెల్టు విప్పుకుని దిగాడు.

"మరి నేను టీ తాగి వస్తా. నువ్వు ఓ చుట్టు తిరిగి రా" అన్నాడు.

బ్రైడీ తలూపింది. గ్రాంట్లీ మూత వేసి, ఆచారం ప్రకారం, వెనక్కి చూడకుండా నడిచాడు. రెక్క చివర పట్టుకోవాల్సిన కాలమ్ అనే పొడుగు కేడెట్, స్నేహితురాలి కోసం బకెట్టు ఎక్కడ దాచానా అని ఆలోచిస్తూ, అటు చూస్తున్నాడు. తాడు తగిలించేశారు. గ్లైడర్ వైపు చూస్తున్న మనిషి మైదానం మొత్తానికి నోలా ఒక్కతే.

అరవై కిలోలు దాటిన మనిషి ముందు కూర్చుంటే, వెనక మనిషి దిగినా మా గ్లైడర్ ముక్కు నేలకే ఆని ఉంటుంది. ఆ ముక్కు ఇప్పుడు, చాలా నిదానంగా, పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలినట్టు, పైకి లేచింది. తోక వెళ్ళి గడ్డి మీద కూర్చుంది. ఆ కదలిక నోలాకి కొత్త కాదు. రైతు దిగిపోగానే లారీ ముందు భాగం అలాగే ఊపిరి వదులుతుంది.

"ఆపండి!" అని అరిచింది నోలా.

మైదానంలో ఆ మాట ఎవరన్నా సరే, వంటమనిషి అన్నా సరే, అన్నీ ఆగిపోవాలి. ఆగిపోయాయి. తాడు ఊడదీశారు. గ్రాంట్లీ ఆచారం తప్పి వెనక్కి తిరిగి, పరుగున వచ్చాడు.

"ఏమైంది నోలా గారూ?"

"ఆ పిల్ల బరువు యాభై మూడు."

"అరవై ఒకటండీ. నేనే చూశాను, కాటా మీద."

"నువ్వు కాటా చూశావు. నేను తోక చూశాను. నువ్వూ చూడు అబ్బాయ్."

గ్రాంట్లీ చూశాడు. తోక గడ్డిలో ఎంతో సుఖంగా కూర్చుని ఉంది. ఆయన మూత తెరిచి, వంగి, చాలా మెల్లగా అడిగాడు: "బ్రైడీ, నీ బరువెంతమ్మా?"

బ్రైడీ ఆయన్ని చూడలేదు. ఎదురుగా ఉన్న తెల్ల చీటీని చూసింది. "యాభై మూడు సార్" అంది.

హ్యాంగర్‌కి నడిచి వెళ్ళేలోపల సంగతంతా బయటపడింది. బ్రైడీ మేనమామ సముద్రంలో మునిగి నత్తగుల్లలు ఏరే మనిషి. మునిగేవాళ్ళు నడుముకి సీసం ముక్కల బెల్టు కట్టుకుంటారు. ఎనిమిది కిలోల ఆ బెల్టును బ్రైడీ మొదటి రోజు దుస్తుల లోపల కట్టుకుని కాటా ఎక్కింది. సీసం తప్పించుకోవడానికి సీసం కట్టుకున్నదన్నమాట. మా మైదానంలో తప్ప ఇంకెక్కడా పుట్టని ఉపాయం.

"మరి అదే బెల్టు ఎగిరేటప్పుడు కూడా కట్టుకుని చావలేకపోయావే?" అన్నాడు కాలమ్. సానుభూతిలో అతనికి మాటల ఎంపిక ఉండదు.

"ఒంటరిగా ఎప్పుడు పంపుతారో చెప్పరు కదరా! పది రోజులూ కట్టుకుని తిరగనా? పైగా సార్ బెల్టులు సర్దేటప్పుడు చేతికి తగుల్తుంది." ముక్కు తుడుచుకుంది. "ఏడెనిమిది కిలోలకి ఏమవుతుందిలే అనుకున్నా."

"ఏమవుతుందో అందరం ఇప్పుడే చూడబోయాం" అన్నాడు గ్రాంట్లీ.

రెండు కాకుండానే సముద్రపు గాలి వచ్చి, ఆనాటి ఎగరడాన్ని చుట్టబెట్టేసింది. మా దగ్గర ఏ తప్పు జరిగినా, సాయంకాలపు టీ దగ్గర, తప్పు చేసినవాళ్ళే అందరి ముందూ చెప్పాలి. ఎవరూ కోప్పడరు, ఎవరూ నవ్వరు. చెప్పాక కొబ్బరి తురుము అద్దిన లామింగ్టన్ కేకు ఒకటి ఇస్తారు. బ్రైడీ నిలబడి, బెల్టు కథ మొదటినుంచి చివరిదాకా చెప్పింది. కేకు తీసుకోలేదు. అక్కడున్న ఇరవై మందిలో ఎవరూ నవ్వలేదు.

"నా నిర్ణయం చెప్పేస్తాను" అన్నాడు గ్రాంట్లీ లేచి. "బ్రైడీ, నీ చెయ్యి నాకంటే బాగుంటుంది. అది కాదు ఇక్కడ విషయం. ఒంటరిగా పంపేది చెయ్యి బాగున్నవాళ్ళని కాదు, మాట నిలిచేవాళ్ళని. పైన నేనుండను. నువ్వేం చెబితే అదే నిజం అనుకోవాలి. రేపు పంపలేను. క్షమించమ్మా."

బ్రైడీ తలూపింది. శిబిరానికి మిగిలింది ఆదివారం పొద్దుటి పూట ఒక్కటే.

అప్పుడు నోలా లేచింది. టీ కప్పు కింద పెట్టింది, అది బల్ల అంచుకి సమానంగా ఉందో లేదో చూసుకుంది.

"తప్పు చేసినవాళ్ళు చెప్పాలంటే ఇంకోటుంది. నాది. ఈ పట్టీ తప్పని నాలుగో రోజునుంచీ నాకు తెలుసు. అయిదు రోజులు నోరు మూసుకున్నా."

"మీకు అనుమానమే కదండీ" అన్నాడు గ్రాంట్లీ.

"నాకు అనుమానాలుండవు, నువ్వూరుకో. ఇది మొదటిసారి కూడా కాదు. నేను కాటా ఉద్యోగంలో చేరిన మొదటి కోతలో మా నాన్న క్లెమ్ లారీ తెచ్చేవాడు. నిండు తూకానికి మా కుక్క టింకర్ ఆయన పక్కన కూర్చునేది. ఖాళీ తూకానికి వెళ్ళి చెట్టు నీడన పడుకునేది. దానికి నాన్నే నేర్పాడు, చాలా తెలివైన కుక్క. ఇరవై రెండు కిలోలు. నలభై ఒక్క లోడ్లు. ప్రతిసారీ చూశాను. కన్నతండ్రిని కిటికీలోంచి ఏమని అడుగుతాం? రాసేశాను. తొమ్మిది వందల రెండు కిలోల కుక్కని బార్లీ కింద రాసిన మనిషిని నేను. ఎక్కడో ఎవరో మా టింకర్ని బీరుగా తాగే ఉంటారు."

నవ్వకూడదన్న ఆచారం అక్కడ తెగింది. కాలమ్‌కి టీ ముక్కులోంచి వచ్చింది. బ్రైడీ కూడా, ఏడుస్తూనే, నవ్వింది.

"నవ్వండి. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఎవర్నీ వదల్లేదంటే అందుకే" అంది నోలా. "సరే, ఇప్పుడిది." సంచీలోంచి పదకొండేళ్ళ లాగ్‌బుక్కులు తీసి బల్ల మీద పేర్చింది. "ఈ పదకొండేళ్ళలో సీసం పలకలు కావాల్సిన పిల్లలు ఇరవై ఆరుగురు వచ్చారు. అందులో ఒంటరిగా ఎగిరింది ఏడుగురు. మిగతా పంతొమ్మిది మందికీ చేతులు లేవా? లేనిది పొద్దున్నపూట. ఆ పిల్ల అబద్ధం చెప్పింది, నిజమే. ఎందుకు చెప్పింది? మన వరస చూసి చెప్పింది. పలకలు పొద్దున్నే ఒక్కసారి బిగించి, తేలికవాళ్ళందర్నీ ముందు ఎగరేసి, తర్వాత విప్పేస్తే ఏం పోయింది? బోల్టులు రెండు వరసలకీ అవే కదా?"

ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ తట్టకపోవడం గురించి, అక్కడున్న చదువుకున్నవాళ్ళందరూ తమ తమ బూట్లను పరిశీలించారు.

"వరస మారుద్దాం" అన్నాడు గ్రాంట్లీ చివరికి. "అది న్యాయం. కాని బ్రైడీ సంగతి వేరు. బరువు తప్పు రాయించిన మనిషిని..."

"పట్టీలో నీ బరువెంత రాసుంది అబ్బాయ్?"

గ్రాంట్లీ ఆగాడు. "ఎనభై నాలుగు."

"ఎప్పటి ఎనభై నాలుగు?"

"అదీ... నేను శిక్షకుడిగా చేరినప్పటిది."

"కాటా ఎక్కు."

ముఖ్య శిక్షకుడైన మనిషి కేడెట్ల ముందు కాటా ఎక్కడం మా మైదానంలో అంతకు ముందు జరగలేదు. ఎక్కాడు. కాలమ్ వంగి, న్యాయస్థానంలో తీర్పు చదివేవాడి గొంతుతో చదివాడు: "తొంభై మూడు."

"బూట్లున్నాయి" అన్నాడు గ్రాంట్లీ.

"తొమ్మిది కిలోల బూట్లు ఏ షాపులో కొన్నారు సార్?" అన్నాడు కాలమ్.

గ్లైడర్ మోయగలిగిన గరిష్ఠ బరువుకి అది ఇంకా చాలా దూరంలోనే ఉంది, ప్రమాదమేమీ లేదు. కాని ఆ సాయంత్రం తప్పు బరువుతో ఎగురుతున్నది ఒక్క బ్రైడీయే కాదని తేలిపోయింది. గ్రాంట్లీ కాటా దిగి, పట్టీ తీసుకుని, తన పేరు ఎదురుగా ఎనభై నాలుగు కొట్టేసి, తొంభై మూడు రాసి, సంతకం పెట్టాడు. తర్వాత పట్టీని బ్రైడీ ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు.

"కాటా ఎక్కి, అందరూ వినేలా చదివి, నీది కూడా దిద్దు. రేపు పొద్దున్న ఏడున్నరకి నేను పలకలు బిగిస్తాను. రెండుసార్లు నాతో ఎగురుతావు. నాకు నమ్మకం కుదిరితే దిగుతాను. కుదరకపోతే దిగను. ఇందులో నోలా గారు చెప్పినా నేను వినను."

"నేనెందుకు చెబుతాను? నేను రాసేదాన్ని" అంది నోలా.

బ్రైడీ మేజోళ్ళతో కాటా ఎక్కి, గట్టిగా, పాఠం ఒప్పజెప్పినట్టు చదివింది. "యాభై మూడు." దిద్దింది. దిగి వచ్చి ఆ కేకు తినేసింది.

ఆదివారం పొద్దున్న గాలి లేదు. దూరంగా ధాన్యపు గిడ్డంగి కదలని పొగస్తంభంలా తెల్లగా, నిలువుగా కనిపిస్తోంది. తేలికవాళ్ళు ముగ్గురూ వరసలో ముందు నిలబడ్డారు, పెళ్ళిభోజనంలో మొదటి పంక్తికి పిలిచిన చుట్టాల్లాగా, ఎటు చూడాలో తెలియక. గ్రాంట్లీ మోకాళ్ళ మీద కూర్చుని పలకలు బిగించాడు. బ్రైడీ ప్రతి బోల్టునూ తన చేత్తో లాగి చూసుకుంది.

ఆయన చెప్పినట్టే మొదటిసారి ఆయనతో ఎగిరి దిగింది. రెండోసారి ఎగిరే ముందు గ్రాంట్లీ అడిగాడు: "ఇవాళ నాకు చెప్పాల్సింది ఏమన్నా ఉందా?"

"ఉంది సార్. ఇందాక మలుపులో వేగం కొంచెం తగ్గనిచ్చాను. మీరు చూడలేదనుకుంటా."

"చూశాను" అన్నాడు గ్రాంట్లీ. "నువ్వు చెబుతావా లేదా అని చూస్తున్నాను."

రెండోసారి దిగాక బెల్టు విప్పుకున్నాడు. గొడుగు కింద నోలా పెన్సిల్ ఎత్తి పట్టుకుంది. గ్రాంట్లీ దిగాడు, మూత వేశాడు, నడిచాడు. పది అడుగులు వేసి, ఆగి, ఆచారాన్ని ఏనాడో పెట్టిన పెద్దలందరికీ మనసులో క్షమాపణ చెప్పుకుని కాబోలు, వెనక్కి తిరిగి తోక వంక చూశాడు. ముక్కు నేలకి ఆని ఉంది. తోక గాల్లో ఉంది. లోపలినుంచి బ్రైడీ ఆయన్ని చూసి బొటనవేలు ఎత్తింది. ఆయన ముఖంలో భయం ఉందో లేదో గాని, ఆ పిల్ల మాత్రం ఏమీ కంగారు పడలేదు.

కాలమ్ రెక్క ఎత్తాడు. తాడు బిగిసింది. గ్లైడర్ లేచింది. తిన్నగా, నిమ్మళంగా, పైకి, పైపైకి. తాడు వదిలి, బార్లీ మోళ్ళ మీదుగా, గిడ్డంగి మీదుగా, అఖాతం అంచు దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. మేమంతా మెడలు పట్టేసేలా చూశాం. నోలా చూడలేదు. గడియారం చూసింది. గాల్లోకి ఎవరు ఎగిరినా ఆవిడ చూసేది గడియారమే. ఆ పూట మాత్రం గడియారం పట్టుకున్న చెయ్యి బల్ల మీద ఆనించి ఉంచుకుంది.

దిగింది. నేల తగిలిన చప్పుడు కూడా వినిపించలేదు. నోలా రాసింది: 'బి. కెర్నిక్. ఒంటరి. ఆరు నిమిషాల నలభై సెకన్లు. బరువు 53. సీసం బిగించబడినది, సరిచూడబడినది.' 'సుమారు' అన్న మాట ఎక్కడా లేదు.

కాలమ్ బకెట్టు ఆదివారం నాడు మరిచిపోలేదు. బ్రైడీ తల మీదనుంచి కాళ్ళ దాకా తడిసి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, నవ్వుతూ గొడుగు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మిగతా తేలికవాళ్ళిద్దరూ కూడా ఆ పొద్దున్నే ఎగిరారు, అందులో ఒకతను దిగాక గడ్డిలో కూర్చుని గడ్డినే కాసేపు నిమిరాడు. మధ్యాహ్నం కవాతులో ముగ్గురి గుండెల మీదా రెక్కలు పెట్టేసరికి బ్రైడీ చొక్కా ఇంకా ఆరలేదు, సూది దిగడానికి గ్రాంట్లీ కొంచెం కష్టపడ్డాడు. హ్యాంగర్ గోడమీది నల్లబల్ల మీద ఆనాటినుంచి ఒక కొత్త వాక్యం ఉంది, నోలా చేతిరాతలో: తేలికవాళ్ళు ముందు. దాని కింద ఇంకొంచెం చిన్న అక్షరాల్లో: శిక్షకులు కూడా ప్రతి శిబిరానికీ కాటా ఎక్కవలెను.

కాని అది తర్వాతి మాట. పొద్దున్న, బకెట్టు పడ్డ వెంటనే, బ్రైడీ వచ్చి నోలాని రెండు చేతులా గట్టిగా వాటేసుకుంది.

"మిసెస్ ట్రెగ్! ఎగిరాను! ఒక్కదాన్నే!"

"తెలుసు. రాశాను" అంది నోలా. లాగ్‌బుక్కు తడవకుండా ఒక చేత్తో దూరంగా ఎత్తి పట్టుకుని, రెండో చేతిని ఆ పిల్ల వీపు మీద వేసింది. కొంచెంసేపు అలాగే ఉంచింది.

"ఇప్పుడు యాభై అయిదున్నావు" అంది తర్వాత. "రెండు కిలోలు నీళ్ళే. వెళ్ళి ఆరబెట్టుకో, తడి బరువు మేం లెక్కలోకి తీసుకోం."